ఒడ్డున ఎవరు?

సెమ్ ఎగ్జామ్స్ అయిన మర్నాడు మా రూమ్ బ్యాచ్ అంతా యారాడ బీచ్‌కి పోయాం. రెండు పక్కలా అలలు విరుగుతున్నాయి, మధ్యలో ఒక పాయ మాత్రం ప్రశాంతంగా ఉంది. స్విమ్మింగ్ పూల్‌లో ఆగకుండా ఈదగలను కదా, ఏటవుద్దిలే అనుకుని అటే నడిచాను. వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన గట్టిగా కేకేసి వెనక్కి రప్పించాడు. ఒడ్డుకొచ్చిన నీరంతా సముద్రంలోకి తిరిగిపోయే దారి అదేనట. అందులో పడితే ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడే పక్కకి ఈది బయటపడాలట. ఆ రాత్రి సిగ్గుతో సముద్రాలు ఈదినవాళ్ళ గురించి వెతుకుతుంటే మిహిర్ సేన్ దొరికారు.

ఆయన 1930లో పురూలియాలో పుట్టి, కటక్‌లో పెరిగారు. బిజూ పట్నాయక్ సాయంతో లా చదవడానికి ఇంగ్లండ్ వెళ్ళారు. ఫ్లోరెన్స్ చాడ్విక్ అనే అమెరికన్ మహిళ ఇంగ్లిష్ ఛానెల్ ఈదిందని అక్కడే ఒక పత్రికలో చదివారు. అప్పటికి ఆయనకి ఈత అంతంతమాత్రం! వైఎంసీఏలో ఫ్రీస్టైల్ నేర్చుకున్నారు. 1955లో ఛానెల్‌లో దిగితే కుదరలేదు. ఆ తర్వాత కూడా కొన్నిసార్లు మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఆపేశారు కాబట్టే మళ్ళీ దిగడానికి మనిషి మిగిలారని నాకనిపిస్తుంది. చివరికి 1958 సెప్టెంబర్ 27న 14 గంటల 45 నిమిషాల్లో దాటేశారు. ఛానెల్ దాటిన మొదటి భారతీయుడు ఆయనే. ఛానెల్ ఈతలో పక్కనే పడవ వస్తుంది. అందులోవాళ్ళు దారి చూపిస్తారు, ఆహారం అందిస్తారు. కానీ ఈదేవాళ్ళని ముట్టుకుంటే ఆ ఈత లెక్కలోకి రాదు.

నన్ను కట్టిపడేసింది మాత్రం పాక్ జలసంధి కథ. పాములు, షార్కులు, ప్రవాహాలు ఉన్న ఆ నీళ్ళలో ఆయన ఒంటరిగా దూకెయ్యలేదు. నేవీ తోడు కావాలన్నారు. దానికి డబ్బు కట్టాలి. కొంత స్టేట్స్‌మన్ పత్రిక ఇచ్చింది, మిగతాది ఇందిరా గాంధీ చొరవతో సమకూరింది. డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి పోయే నేవీ ఓడల్ని రోజూ చూసే మనకి ఆ తోడు విలువ తెలియాలి. 1966 ఏప్రిల్ 5న తలైమన్నార్‌లో దిగి, 25 గంటల 36 నిమిషాల తర్వాత ధనుష్కోడిలో తేలారు. ఏడాదింపావు కిందటే తుఫానుకి కొట్టుకుపోయిన ఊరది.

అదే ఏడాది జిబ్రాల్టర్, డార్డనెల్స్, బాస్ఫరస్ కూడా ఈదేశారు. అక్టోబర్‌లో పనామా కాలువ పొడవునా 34 గంటల 15 నిమిషాలు ఈదారు. 1967లో పద్మభూషణ్ వచ్చింది. తర్వాత జీవితం అంత బాగా సాగలేదు. వ్యాపారం దెబ్బతింది, ఆఖరికి జ్ఞాపకశక్తి కూడా పోయింది. 1997 జూన్‌లో కలకత్తాలో కన్నుమూశారు. మనలో చాలామందిమి అప్పటికి పుట్టనే లేదు.

మొన్న గ్రూపులో మళ్ళీ యారాడ ప్లాన్ వచ్చింది. ఈసారి నీళ్ళలోకి దిగకుండా ఒడ్డున ఎవరుంటారని అడిగాను. ఇరవై రెండు మంది చూశారు. ఇంకా ఒక్కడూ రిప్లై ఇవ్వలేదు.