యంత్రవిద్యా తపస్వి జి.డి. నాయుడు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సాగే రహదారి వెంట మోటారు సైకిళ్ల మరమ్మతు షెడ్లు అక్కడక్కడ కనిపిస్తాయి. అటువంటి షెడ్డులో చిరకాలం పనిచేసిన మేస్త్రీకి బండిని కంటితో చూడవలసిన అవసరం ఉండదు. దూరం నుంచి వచ్చే చప్పుడును బట్టే అది బుల్లెట్టో, జావాయో, రాజ్‌దూతో చెప్పగలడు. బుల్లెట్టుది నాలుగు స్ట్రోకుల ఇంజను. దాని శబ్దం నిదానమైనది, గంభీరమైనది. జావా, రాజ్‌దూతులవి రెండు స్ట్రోకుల ఇంజన్లు. జావాలో బండిని స్టార్టు చేసే మీటే గేరు మార్చే మీటగా కూడా పనిచేస్తుంది. రాజ్‌దూతు నమూనా పోలండు దేశం నుంచి వచ్చింది. ఇవన్నీ స్వాతంత్ర్యానంతరం మన దేశంలో తయారైన వాహనాలు. మద్రాసులో బుల్లెట్టు తయారీ 1955లోను, మైసూరులో జావా తయారీ 1961లోను మొదలయ్యాయి. అంతకు నాలుగు దశాబ్దాలకు ముందు, మోటారు సైకిలు అన్నది దొరల సొత్తుగా మాత్రమే ఉన్న కాలంలో, ఒక తెలుగు యువకుడు దానిని చూసి ముగ్ధుడై, కొని, విప్పి, దాని మర్మాన్ని గ్రహించాడు. ఆయనే జి.డి. నాయుడుగా ప్రసిద్ధి పొందిన గోపాలస్వామి దొరస్వామి నాయుడు.

నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. విజయనగర సామ్రాజ్య కాలంలోను, ఆ తరువాతి నాయకరాజుల కాలంలోను తెలుగు నేల నుంచి ఎన్నో కుటుంబాలు దక్షిణాదికి తరలిపోయి తమిళదేశంలో స్థిరపడ్డాయి. వారిలో గండికోట సీమను తమ పూర్వుల నివాసంగా చెప్పుకొనేవారు నేటికీ ఉన్నారు. ఆళ్లగడ్డ ప్రాంతం వారికి గండికోట ఎంతో దూరం కాదు. శతాబ్దాలు గడిచినా ఆ కుటుంబాలు వీధిలో తమిళం మాట్లాడుతూ ఇంట తెలుగును నిలుపుకొన్నాయి. నాయుడు అటువంటి ఇంటి బిడ్డ.

బాల్యంలో ఆయనకు బడి పొసగలేదు. ఉపాధ్యాయుల మీద ఇసుక చల్లి పారిపోయేవాడని చెబుతారు. ప్రాథమిక తరగతులు దాటకుండానే చదువు ఆగిపోయింది. అయితే అక్షరం మీద ఆయనకు ద్వేషం లేదు. ఆ తరువాత తనకు అవసరమైన గ్రంథాలను స్వయంగా చదువుకొన్నాడు. ఒకరు చెప్పినదానిని మరొకరు అప్పగించే పద్ధతి మాత్రమే ఆయనకు గిట్టలేదు.

ఒకనాడు ఆంగ్లేయ అధికారి ఒకడు మోటారు సైకిలు మీద ఆ ప్రాంతానికి వచ్చాడు. ఎద్దులు లేవు, గుర్రం లేదు, తొక్కే మనిషి శ్రమ లేదు. అయినా బండి కదులుతున్నది. అది ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో తయారైన రడ్జ్ మోటారు సైకిలు. ఈ ఘట్టాన్ని వర్ణించేవారు పలువురు నాయుడిని చిన్నపిల్లవాడిగా చిత్రిస్తారు. కథకు అది శోభనిచ్చే మాట నిజమే. కాని ఆ వాహనం 1912 నాటి నమూనా అన్న విషయం ప్రసిద్ధం. రడ్జ్ కంపెనీ మోటారు సైకిళ్ల అమ్మకాలను ప్రారంభించినదే 1911 ప్రాంతంలో. కనుక అప్పటికి నాయుడికి పద్దెనిమిది, పందొమ్మిది ఏళ్లకు తక్కువ ఉండే అవకాశం లేదు. అది పసివాడి అబ్బురపాటు కాదు. లోకం కొంత తెలిసిన యువకుడు బుద్ధిపూర్వకంగా పెంచుకొన్న కోరిక.

ఆ కోరిక విలువ తెలియాలంటే ఆనాటి మోటారు సైకిళ్ల స్థితిని కొంత తెలుసుకోవాలి. నేటి వాహనాలలో ఒక కంపెనీ బండికీ మరొక కంపెనీ బండికీ ఉన్న భేదం రూపంలోనూ, ధరలోనూ ఎక్కువగా కనిపిస్తుంది. లోపలి అమరిక చాలావరకు ఒకే విధమైనది. 1912 నాటికి అటువంటి ఏకాభిప్రాయం ఏర్పడలేదు. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క మార్గాన్ని పట్టి పోయేది. కోవెంట్రీలోనే తయారయ్యే ట్రయంఫ్ బండికి ఒకే సిలిండరు. ఇంజను శక్తిని తోలు లేదా రబ్బరు బెల్టు వెనుక చక్రానికి అందించేది. దృఢమైన బండి అని దానికి పేరు. కాని గేర్లు లేని నమూనాలతో ఎత్తైన చోట్ల ఎక్కడం కష్టం. అమెరికాలో తయారయ్యే ఇండియన్ అనే బండికి రెండు సిలిండర్లు. బెల్టుకు బదులు ఇనుప చెయిను. ఆ పేరులోని ఇండియన్ అన్న మాటకు మన దేశంతో సంబంధం లేదు; అది అమెరికా ఆదిమవాసులను సూచించే మాట. 1911లో బ్రిటన్‌కు చెందిన మాన్ ద్వీపంలో జరిగిన సుప్రసిద్ధ పందెంలో మొదటి మూడు స్థానాలూ ఈ బండ్లకే దక్కాయి. బ్రిస్టల్ నగరపు డగ్లస్ బండిలో రెండు సిలిండర్లు ఎదురెదురుగా పడుకొని ఉండేవి. ఒకదాని కుదుపును మరొకటి అణచివేయడం వల్ల ప్రయాణం హాయిగా సాగేది.

రడ్జ్ కంపెనీ మార్గం వీటికి భిన్నం. ఆ కంపెనీ రూపొందించిన మల్టీ అనే నమూనాలో ఇంజను వైపు ఉన్న కప్పీ రెండు పళ్లేలుగా చీలి ఉండేది. చోదకుడు పక్కనున్న పొడవాటి మీటను కదిలిస్తే ఆ పళ్లేలు దగ్గరికి జరిగేవి, లేదా దూరమయ్యేవి. దానితో బెల్టు పైకి ఎక్కడమో, లోపలికి దిగడమో జరిగేది. అదే సమయంలో వెనుక చక్రం వద్దనున్న కప్పీ ఇందుకు వ్యతిరేకంగా జరిగేది. అందువల్ల బెల్టు వదులు కాకుండానే వేగమూ, లాగే శక్తీ మారిపోయేవి. ఈ ఉపాయాన్నే మరొక రూపంలో నేటి గేరులేని స్కూటర్లలో చూడవచ్చు. వాటిలో మీటను కదిలించే పని మనిషిది కాదు, యంత్రానిదే. ఈ మల్టీ బండి 1914లో మాన్ ద్వీపపు పందెంలో ప్రథమ స్థానం పొందింది.

ఏ కంపెనీ బండి అయినా దానిని నడపడం ఆనాడు ఒక విద్య. ఇంజనుకు కావలసిన నూనెను చోదకుడే చేతిపంపుతో అప్పుడప్పుడు అందించాలి. రాత్రివేళ కార్బైడు దీపం వెలిగించుకోవాలి. దారిలో బెల్టు తెగితే అక్కడికక్కడే అతుకు వేసుకోవాలి. యంత్రం లోపల జరిగేదేమిటో తెలియనివాడు ఆ బండికి యజమాని కావచ్చునేమో కాని దానితో ఊరు దాటలేడు.

బండిని కొనాలని నాయుడు నిశ్చయించుకొన్నాడు. చేతిలో పైకం లేదు. కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా కుదిరాడు. బల్లలు తుడిచి, వడ్డన చేసి వచ్చిన జీతంలో కూడబెట్టసాగాడు. అలా ఏళ్ల తరబడి సమకూర్చిన సొమ్ముతో, 300 రూపాయలకు, ఆ రడ్జ్ బండిని సొంతం చేసుకొన్నాడు. హోటలు నౌకరుకు ఆ రోజులలో అది ఎంత పెద్ద మొత్తమో ఊహించుకోవచ్చు.

బండి ఇంటికి వచ్చింది. మరొకడైతే దానిని ఎక్కి ఊరంతా తిరిగి ఉండేవాడు. నాయుడు దానిని విప్పాడు. సిలిండరును, పిస్టనును, కార్బ్యురేటరును, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోను వేరుచేసి, ఒక్కొక్క భాగం ఎందుకున్నదో పరిశీలించి, తిరిగి బిగించాడు. చేతికి అందిన బండిని ముక్కలు చేయడానికి సాహసం కావాలి. ఒక్క భాగం అమరకపోయినా ఏళ్ల చెమట నేలపాలవుతుంది. విడిభాగాలు కోయంబత్తూరు బజారులో దొరికే కాలమూ కాదది. ఆ యంత్రమే ఆయనకు గురువైంది. కొద్దికాలంలోనే మరమ్మతు పనిలో నేర్పరిగా పేరు తెచ్చుకొన్నాడు.

నడుమ పత్తి వ్యాపారంలో దిగి నష్టపోయాడు. 1920లో స్టేన్స్ అనే ఆంగ్ల వర్తకుడి సహాయంతో ఒక బస్సు సంపాదించి పొల్లాచి, పళని పట్టణాల మధ్య తానే నడిపాడు. చోదకుడూ, మెకానిక్కూ, యజమానీ ఒక్కడే. ఆ ఒక్క బస్సు కొన్నేళ్లలో యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా పెరిగింది. వేళకు బయలుదేరడం, వేళకు చేరడం ఆ బస్సుల ప్రత్యేకత. ప్రయాణికుల సంఖ్యతో లాభాన్ని లెక్కించడం వర్తకుల పద్ధతి. నాయుడు మాత్రం ఇంజను ఎంత ఇంధనం తాగుతున్నదో, ఏ భాగం ఎన్నాళ్లకు అరుగుతున్నదో కూడా లెక్కించేవాడు. ఆయనలోని మెకానిక్కు యజమానిని ఎన్నడూ విడిచిపెట్టలేదు.

సంపద చేకూరిన తరువాత ఆయన ఐరోపా, అమెరికా దేశాలు తిరిగాడు. ఆ దేశాల కర్మాగారాలను శ్రద్ధగా గమనించాడు. బ్యాటరీలతో నడిచే చిన్న మోటారు గల క్షౌరయంత్రాన్ని రసాంత్ అనే పేరుతో రూపొందించాడు. అతి పలుచని క్షౌరపు బ్లేడు, పండ్ల రసం తీసే సాధనం, కిరసనాయిలుతో తిరిగే పంకా, మోసానికి తావులేని ఓటు నమోదు యంత్రం ఆయన కల్పనలలో కొన్ని. ఛాయాగ్రహణం మీద కూడా మక్కువ ఎక్కువ. 1936లో లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చలనచిత్రంగా తీశాడు. డి. బాలసుందరం నాయుడితో కలిసి 1937లో పీళమేడులో విద్యుత్ మోటారును తయారు చేయించాడు. దేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా దానిని పేర్కొంటారు. కోయంబత్తూరు పంపులకూ మోటార్లకూ నిలయంగా ఎదగడానికి ఇటువంటి ప్రయత్నాలే పునాది. రాయలసీమ బావుల మీద బిగించిన మోటార్లలో కోయంబత్తూరు పేరు చెక్కినవి ఎన్నో ఉన్నాయి.

విద్య విషయంలో ఆయన భావాలు తీవ్రమైనవి. 1945లో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో సాంకేతిక విద్యాసంస్థల స్థాపనకు పూనుకొని, కళాశాలకు తానే ప్రిన్సిపాలుగా వ్యవహరించాడు. పట్టా లేని ప్రిన్సిపాలు! ఇంజనీరింగు విద్యకు నాలుగేళ్లు అనవసరమని, రెండేళ్లలో నేర్పవచ్చునని ఆయన వాదన. పాలకులు అంగీకరించలేదు. ఆయన తప్పుకొన్నాడు. ఆ కళాశాలే నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కొనసాగుతున్నది. ఈ వివాదంలో న్యాయమంతా నాయుడి పక్షాన ఉన్నదనడం కష్టం. గణితమూ, పదార్థ శాస్త్రమూ పానా పట్టినంత మాత్రాన రావు. వాటికి కాలం పడుతుంది. తనకు సాధ్యమైనది అందరికీ సాధ్యమని నమ్మడం స్వయంకృషితో పైకి వచ్చినవారిలో తరచు కనిపించే పొరపాటు. అయినా చేతితో తాకని యంత్రాన్ని గురించి పుటలకు పుటలు రాసి ఉత్తీర్ణులయ్యే విద్యార్థులను చూసి ఆయన పడిన వేదన అబద్ధం కాదు.

ఆయనకు కలిగిన ఆశాభంగాలలో పెద్దది 1952 నాటిది. ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారును ఆయన రూపొందించాడు. ధర 2,000 రూపాయలు. మోటారు సైకిలు కొనడానికి హోటలులో పనిచేసినవాడికి సామాన్యుడి కోరిక ఎటువంటిదో తెలుసు. కాని ఆ కాలంలో పరిశ్రమలకు ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. అనుమతి లభించలేదు, కారు తయారీ నిలిచిపోయింది. అంతకుముందు 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు తయారు చేయగలనని ప్రకటించినా, ఆ చవక రేడియో ఇంటింటికీ చేరలేదు. పన్నుల విధానం మీద కూడా ఆయన పోరాడాడు. నిరసనగా తాను నిర్మించిన వస్తువులను కొన్నింటిని బహిరంగంగా ధ్వంసం చేయించాడు. ఒకప్పుడు ప్రతి మరనూ భద్రపరచి తిరిగి బిగించిన చేతులతోనే ఈ పని జరిగింది. దీనిని కొందరు అహంకారమన్నారు. సృష్టించినవాడికి ఆ వస్తువులు పగులుతున్నప్పుడు కలిగిన బాధను వారు గ్రహించినట్లు లేదు.

శాసనసభ ఎన్నికలలో పోటీచేసి ఓడిపోవడం, పత్తి, బొప్పాయి పంటల మీద పరిశోధనలు చేయడం ఆయన జీవితంలోని మరికొన్ని విశేషాలు. వివిధ దేశాల నుంచి సేకరించిన యంత్రాలను, తాను రూపొందించిన పరికరాలను విద్యార్థులు దగ్గరగా చూసేందుకు కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాలను నెలకొల్పాడు. 1974 జనవరి 4న నాయుడు కన్నుమూశాడు.

2015లో ఆయన కుటుంబం అవినాశి రహదారిలో పాత కార్ల ప్రదర్శనశాలను ప్రారంభించింది. బ్రిటన్, జర్మనీ, అమెరికా కంపెనీల వాహనాలు అక్కడ పక్కపక్కన నిలిచి ఉంటాయి. ఏ దేశం ఏ మార్గాన పోయిందో చూసేవారు పోల్చి తెలుసుకోవచ్చు. అదే రహదారి మీద నిర్మించిన, పది కిలోమీటర్లకు పైగా పొడవున్న వంతెనను 2025 అక్టోబరులో ప్రారంభించినప్పుడు దానికి జి.డి. నాయుడు పేరు పెట్టారు.