కొలతకు కట్టుబడిన జీవితం: సర్ జోసెఫ్ విట్‌వర్త్

వెంట్రుకవాసి తేడాను సైతం సహింపనివారు లోకంలో అరుదు. అట్టివారిలో అగ్రగణ్యుడు జోసెఫ్ విట్‌వర్త్. ఇంగ్లండులోని స్టాక్‌పోర్ట్ పట్టణంలో 1803 డిసెంబరు 21న జన్మించాడు. బాల్యంలోనే తల్లిని పోగొట్టుకున్నాడు. పధ్నాలుగో ఏట మేనమామ నూలుమిల్లులో పనికి కుదిరాడు. మిల్లు యజమాని కావడం కంటె యంత్రాల లోగుట్టు తెలుసుకోవడమే ఆ బాలునికి ప్రియం. అందుకే అక్కడినుంచి పారిపోయి మాంచెస్టరులో సామాన్య కార్మికుడుగా చేరాడు. 1825లో లండను వెళ్లి, హెన్రీ మాడ్‌స్లే కార్ఖానాలో పనితనానికి మెరుగులు దిద్దుకున్నాడు. 1833లో మాంచెస్టరులో స్వంత కార్ఖానా స్థాపించాడు.

ఆ రోజుల్లో ఒక కార్ఖానా మర మరొక కార్ఖానా బిగింపుకు సరిపడేది కాదు. 1841లో విట్‌వర్త్ మరలకు ఒకే ప్రమాణాన్ని ప్రతిపాదించి ఈ అరాచకాన్ని తొలగించాడు. అంగుళంలో పదిలక్షలవ వంతును కొలిచే యంత్రాన్ని నిర్మించాడు.

1854లో ప్రభుత్వం ఆయనను రైఫిళ్ల తయారీకి యంత్రాలు కోరింది. అవి మూతినుండి మందు, గుండు కూరి పేల్చే తుపాకులు. గురి ఎందువల్ల కుదురుతుందో, ఎందువల్ల తప్పుతుందో తెలియకుండా యంత్రాలు చేయడానికి ఆయన మనస్సు అంగీకరించలేదు. ప్రభుత్వ వ్యయంతో తన ఇంటి ఆవరణలో 500 గజాల పొడవైన శాల కట్టించాడు. గాలివాన ఆ శాలను కూల్చివేసింది, మళ్లీ లేపాడు. దారి పొడవునా పల్చని కాగితపు తెరలు వ్రేలాడదీసి, వాటిపై పడిన రంధ్రాలనుబట్టి గుండు గమనాన్ని గుర్తించాడు.

అప్పటి ఎన్‌ఫీల్డ్ తుపాకి గొట్టపు లోవ్యాసం 0.577 అంగుళం, గుండు బరువు 530 గ్రెయిన్లు, అనగా సుమారు 34 గ్రాములు. విట్‌వర్త్ ఆ బరువును మార్చలేదు. వ్యాసాన్ని మాత్రం 0.451 అంగుళానికి తగ్గించాడు. బరువు అంతే గనుక గుండు సన్నబడి పొడుగయింది. సన్నని గుండుకు గాలి ఎదురు తక్కువ. అయితే పొడుగాటి గుండు వేగంగా తిరగకపోతే దారిలో తలక్రిందులవుతుంది. ఎన్‌ఫీల్డ్ గొట్టంలో 78 అంగుళాలకు ఒక చుట్టు ఉండగా, ఆయన 20 అంగుళాలకే ఒక చుట్టు తిప్పాడు. గొట్టపు లోపలిభాగాన్ని షట్కోణంగా మలిచాడు. 1857లో హైత్‌లో జరిగిన పోటీలో 500 గజాల దూరాన ఎన్‌ఫీల్డ్ గుళ్లు సగటున రెండడుగులకు పైగా తొలగిపోగా, విట్‌వర్త్ గుళ్లు అర అడుగు కూడా తొలగలేదు.

అదే ఏట మన దేశంలో ఎన్‌ఫీల్డ్ తూటాల కొవ్వుపూత హిందూ, ముస్లిం సిపాయిల మనస్సులను ఒక్కటిగా రగిల్చిన సంగతి విద్యార్థులకు తెలిసినదే. తుపాకి చేసినవారు గొట్టాన్ని కొలిచారు. దాన్ని చేతబట్టేవాని హృదయాన్ని కొలవలేదు.

1860 జూలై 2న వింబుల్డన్‌లో విక్టోరియా రాణి విట్‌వర్త్ రైఫిల్‌ను 400 గజాల నుండి పేల్చగా, గుండు లక్ష్యకేంద్రానికి ఒకటిన్నర అంగుళం లోపే తగిలింది. అయినా సైన్యం దానిని స్వీకరించలేదు. ఖర్చు ఎక్కువన్నారు, సన్నని గొట్టంలో మసి పేరుకొంటుందన్నారు. మసిని గూర్చిన ఆక్షేపణ నిరాధారం కాదు. గొట్టం మసిబారితే మూతినుండి గుండు కూరడం యుద్ధరంగంలో దుస్సాధ్యం. కాని 1871లో అదే సైన్యం స్వీకరించిన మార్టినీ-హెన్రీ రైఫిల్ వ్యాసం 0.45 అంగుళం! ఆ తుపాకిలో గుండును వెనుకనుండి నింపుతారు గనుక వెనుకటి చిక్కు తొలగింది.

అమెరికా అంతర్యుద్ధంలో విట్‌వర్త్ రైఫిళ్లు దూరాననున్న మనుష్యులను గురితప్పక కూల్చాయి. సూక్ష్మమైన కొలత మంచికీ చెడుకూ ఒకే తీరున సాయపడుతుంది. దాన్ని ఎటు త్రిప్పాలో మానవుడే నిర్ణయించుకోవాలి.

1868లో ఆయన యంత్రవిద్య అభ్యసించే యువకులకు ఏటా నూరేసి పౌన్ల చొప్పున 30 విద్యార్థివేతనాలు ఏర్పరచాడు. 1869లో బారొనెట్ బిరుదు లభించింది. 1887 జనవరి 22న మాంటీకార్లోలో కన్నుమూశాడు.

విద్యార్థులారా! అడిగిన వస్తువును తక్షణమే చేసి సొమ్ము పుచ్చుకోవడం విట్‌వర్త్‌కు సులభమే. ముందు తెలుసుకొని, పిమ్మట చేయడమే ఆయన ఎన్నుకొన్న మార్గం. ఆ ఓర్పును మనం అలవరచుకొందాం. దాన్ని ఏ లక్ష్యానికి వినియోగిస్తున్నామో కూడా విస్మరింపకుందాం.