మదనపల్లెలో మన తరానాకు స్వరలిపి రాసిన ఐర్లండ్ టీచరమ్మ

గండికోట నుంచి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కడప, రాయచోటి మీదుగా పోతే మదనపల్లె వస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ ఊరు కూడా మన కడప జిల్లాలోదే. ఆగస్టు 15 వచ్చిందంటే ఉర్దూ స్కూళ్లలో, మదరసాల్లో పిల్లలు వరసలో నిలబడి జనగణమన పాడతారు. పెరేడ్ గ్రౌండ్‌లో అదే పాటను పోలీసు బ్యాండ్ మాటల్లేకుండా వాయిస్తుంది. నోటితో పాడే పాట బ్యాండ్ చేతికి పోవాలంటే మధ్యలో ఒక పని జరగాలి. దాన్ని ఎవరో కాగితం మీద స్వరాలుగా రాయాలి. మదనపల్లెలో ఆ పని చేసిన మనిషి మార్గరెట్ కజిన్స్. ఊరి పేరు చాలామందికి తెలుసు, ఆమె పేరు తెలిసినవాళ్లు తక్కువ.

ఆమె 1878 నవంబర్ 7న ఐర్లండ్‌లోని బాయిల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. పెళ్లికి ముందు ఇంటిపేరు గిలెస్పీ. వాళ్లది మెథడిస్టు క్రైస్తవ కుటుంబం. ఆ ఇళ్లలో ఆదివారం ప్రార్థన గీతాలు పాడడం అంటే మన ఇళ్లలో పిల్లలకు నాత్ నేర్పడం లాంటిదే, చిన్నప్పుడే చెవిలో పడిపోతుంది. మార్గరెట్ అంతటితో ఆగలేదు. డబ్లిన్ వెళ్లి రాయల్ ఐరిష్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో పియానో నేర్చుకున్నారు. 1902లో సంగీతంలో డిగ్రీ తీసుకున్నారు. ఆ రోజుల్లో ఆడపిల్లకు యూనివర్సిటీ డిగ్రీ, అందులోనూ సంగీతంలో, చిన్న విషయం కాదు. మరుసటి ఏడాది కవి జేమ్స్ కజిన్స్‌తో పెళ్లయింది. ఇద్దరూ మాంసం మానేశారు. ఇద్దరూ దివ్యజ్ఞాన సమాజం వైపు మొగ్గారు.

సంగీతం టీచరంటే మెత్తటి మనిషి అనుకుంటాం. ఈమె ఆ రకం కాదు. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ మహిళల ఓటు హక్కు కోసం ఒక సంఘం పెట్టారు. 1910లో లండన్‌లో ఊరేగింపుకు పోయి, మంత్రుల ఇళ్ల కిటికీల మీద రాళ్లు రువ్విన కేసులో హాలోవే జైల్లో నెల రోజులు గడిపారు. 1913లో డబ్లిన్ కోటలో ప్రభుత్వ ఆఫీసుల అద్దాలు పగలగొట్టి మళ్లీ ఒక నెల జైలుకు పోయారు. తమను మామూలు దొంగల్లా చూడొద్దని, రాజకీయ ఖైదీలుగా గుర్తించాలని లోపల నిరాహార దీక్ష చేశారు. ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఆమె చేసిన పనులు ఊరికే పుట్టుకొచ్చినవి కావు.

1915లో భార్యాభర్తలు మద్రాసులో దిగారు. అనీబిసెంట్ నడిపే న్యూ ఇండియా పత్రికలో జేమ్స్‌కు ఉద్యోగం. కొద్దికాలానికే ఆయన మదనపల్లె దివ్యజ్ఞాన కాలేజీకి మారారు, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. మార్గరెట్ అక్కడ పిల్లలకు పాఠాలు, పాటలు చెప్పేవారు. మదనపల్లె అప్పుడు కరువు సీమలో ఒక తాలూకా ఊరు. ఎండాకాలంలో కొంచెం చల్లగా ఉంటుందని పేరు, అంతకుమించి పెద్ద హడావుడి లేదు.

1919 ఫిబ్రవరి చివర్లో దక్షిణాది పర్యటనలో ఉన్న రవీంద్రనాథ్ టాగోర్ విశ్రాంతి కోసం ఆ కాలేజీకి వచ్చారు. అక్కడ వారానికి ఒక సాయంత్రం విద్యార్థులు, టీచర్లు కలిసి పాడుకునే అలవాటు ఉండేది. టాగోర్ ఆ కూటంలో కూర్చుని తన పాట ఒకటి పాడారు. అదే జనగణమన. బెంగాలీ ఒక్క ముక్క రాని పిల్లలు కూడా చివర వచ్చే జయహే దగ్గర గొంతు కలిపారు. కాలేజీ ఆ పాటను రోజూ పాడే ప్రార్థనగా పెట్టుకుంది. ఫిబ్రవరి 28న టాగోర్ అక్కడే కూర్చుని దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, భారతదేశపు ఉదయ గీతం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆయన ఆమోదంతో మార్గరెట్ ఆ బాణీని పాశ్చాత్య పద్ధతిలో ఐదు గీతల మీద స్వరలిపిగా రాశారు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. జనగణమన బాణీ మార్గరెట్ కట్టారని చాలా చోట్ల రాసేస్తుంటారు. అది సరికాదు. ఆ పాటను 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు. అంటే మదనపల్లెకు వచ్చేనాటికే దానికి బాణీ ఉంది, అది టాగోర్‌ది. మార్గరెట్ చేసింది వేరే పని. ఆమెకు లేని గొప్ప అంటగట్టాల్సిన అవసరం లేదు, ఉన్నదే తక్కువేం కాదు.

మన దగ్గర పాట గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి పోతుంది. స-రి-గ-మ రాసుకున్నా, స ఎక్కడ పెట్టుకోవాలనేది పాడేవాళ్ల గొంతును బట్టి ఉంటుంది. ఒకే పాటను ఇద్దరు ఉస్తాదులు రెండు రకాలుగా పాడతారు, అదే దాని అందం. పెళ్లి బరాత్‌లో వాయించే మన బాజా వాళ్లను చూడండి. కాగితం ముట్టకుండా కొత్త సినిమా పాటను రెండుసార్లు విని పట్టేస్తారు. కానీ నలభై మంది ఉన్న మిలిటరీ బ్యాండ్ అలా నడవదు. అందులో బి-ఫ్లాట్ క్లారినెట్, ఇ-ఫ్లాట్ సాక్సోఫోన్ ఉంటాయి. కాగితం మీద ఒకే స్వరం రాసి ఇస్తే రెండింటి నుంచీ వేర్వేరు శబ్దాలు వస్తాయి. అందుకే ఒక్కో వాయిద్యానికి ఒక్కో కాగితం విడిగా రాయాలి. కార్నెట్‌కు అసలు బాణీ, యుఫోనియంకు దాని కింద నడిచే రెండో గొంతు, ట్యూబాకు అడుగు స్వరం, డ్రమ్ముకు లెక్క. స్వరం ఎంత ఎత్తున మొదలవుతుంది, ఎంతసేపు నిలబడుతుంది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అనేది ముందు ఒకచోట ఖాయమైతే తప్ప ఈ పంపకం మొదలు కాదు. ఐదు గీతల మీద రాయడం అంటే ఆ ఖాయం చేయడమే.

ఈ పాటకు ఇంకో వీలు కూడా ఉంది. దాని రాగం అల్హయా బిలావల్‌కు దగ్గర. మన వైపు శంకరాభరణం అంటే తొందరగా అర్థమవుతుంది. ఆ స్వరాలు పియానో మీది తెల్ల మెట్లతో సరిపోతాయి. పెద్దగా గమకాలు లేవు, నడక నాలుగు లెక్కల్లో సాగుతుంది. చిన్నప్పటి నుంచి చర్చి గీతాలు నాలుగు గొంతుల్లో విన్న మార్గరెట్‌కు ఈ పాట బృందంతో పాడించడానికి, వాయించడానికి పనికొస్తుందని అర్థం కావడంలో ఆశ్చర్యం లేదు.

స్వరలిపి రాసిన మనిషి మళ్లీ తన అసలు పోరాటంలో పడ్డారు. నిజానికి ఆమె జీవితంలో పాట కంటే అదే ఎక్కువ చోటు తీసుకుంది. 1917లోనే అడయారులో భారత మహిళా సంఘం మొదలైంది, దాని వెనక ఆమె ఉన్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో మద్రాసు వచ్చిన భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి, ఆడవాళ్లకు కూడా ఓటు ఇవ్వాలని అడిగిన బృందాన్ని కూడగట్టింది ఆమే. ఆ బృందానికి నాయకురాలు హైదరాబాద్ సరోజినీ నాయుడు. అందులో బేగం హస్రత్ మోహానీ కూడా ఉన్నారు. 1921లో మద్రాసు ప్రెసిడెన్సీ ఆడవాళ్లకు ఓటు ఇచ్చింది. 1922లో మార్గరెట్ సైదాపేటలో గౌరవ మేజిస్ట్రేటు అయ్యారు. దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ ఆమే.

1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళా సదస్సు పెట్టించారు. అసలు విషయం ఆడపిల్లల చదువు. మరుసటి ఏడాది ఢిల్లీ సమావేశానికి భోపాల్ బేగం సుల్తాన్ జహాన్ అధ్యక్షత వహించారు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ మొదటి ఛాన్సలర్ కూడా ఈ బేగం గారే. పర్దాలో ఉంటూనే ఆడపిల్లల చదువు కోసం పనిచేసిన పాలకురాలు, అద్దాలు పగలగొట్టి జైలుకు పోయిన ఐరిష్ మహిళ ఒకే సంస్థలో పనిచేశారంటే ఇవాళ నమ్మడం కష్టంగా ఉంటుంది.

1932లో ప్రభుత్వం ప్రత్యేక ఆర్డినెన్సులతో సభలను, మాటలను అణచివేస్తుంటే, మార్గరెట్ మద్రాసులో బహిరంగంగా వాటికి వ్యతిరేకంగా మాట్లాడారు. ఏడాది శిక్ష పడింది. యాభై నాలుగేళ్ల వయసులో వేలూరు ఆడవాళ్ల జైలుకు పోయారు. ఇంగ్లండ్, ఐర్లండ్, ఇండియా, మూడు చోట్లా బ్రిటిష్ జైళ్లు చూసిన మనిషి ఆమె.

పాట మాత్రం ఆమెను దాటి తన దారిన తాను పోయింది. 1937లో ఏ పాట జాతీయ గీతం కావాలనే వాదన లేచినప్పుడు జేమ్స్ కజిన్స్ జనగణమనకు మద్దతుగా పత్రికకు రాశారు. 1942 సెప్టెంబర్ 11న జర్మనీలోని హాంబర్గ్‌లో సుభాష్ చంద్రబోస్ ఎదుట ఒక ఆర్కెస్ట్రా దాన్ని జాతీయ గీతంగా వాయించింది. బోస్ పక్కన ఉన్న హైదరాబాద్ యువకుడు ఆబిద్ హసన్. చదువు కోసం జర్మనీ పోయి, చదువు వదిలి బోస్‌తో కలిసిన మనిషి. 1943లో సింగపూర్‌లో ఆజాద్ హింద్ ప్రభుత్వానికి తరానా కావాల్సి వచ్చినప్పుడు ఆబిద్ హసన్, ముంతాజ్ హుస్సేన్ కలిసి టాగోర్ పాటను సాదా హిందుస్తానీలోకి తెచ్చారు. అదే శుభ్ సుఖ్ చైన్. దాన్ని ఫౌజు బ్యాండ్‌కు తగ్గట్టు తీర్చినవారు గోర్ఖా సైనికుడు కెప్టెన్ రామ్ సింగ్. బెంగాలీ కవి పాట, హైదరాబాదీ ముస్లిం రాసిన మాటలు, గోర్ఖా కట్టిన బ్యాండ్ వరస. ఈ దేశం ఎవరిదని ఎవరైనా అడిగితే ఈ ఒక్క వాక్యం చూపిస్తే చాలు.

స్వాతంత్ర్యం వచ్చాక వాదన మళ్లీ లేచింది. వందేమాతరమా, జనగణమనా? ఈ వాదనను మనవాళ్లు ఎక్కువగా మతం వైపు నుంచే గుర్తుపెట్టుకున్నారు. కానీ 1948 ఆగస్టులో నెహ్రూ రాజ్యాంగ సభ ముందు పెట్టిన కారణాల్లో బ్యాండ్ కూడా ఉంది. 1947లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశాల సమయంలో మన ప్రతినిధులను జాతీయ గీతం ఇవ్వమని అడిగారు. వాళ్ల దగ్గర ఉన్నది జనగణమన రికార్డు. ఆర్కెస్ట్రా దాన్ని సాధన చేసి వాయిస్తే విన్నవాళ్లకు బాగా నచ్చింది, చాలా దేశాల ప్రతినిధులు స్వరలిపి కావాలన్నారు. జాతీయ గీతం మాటల కంటే ముందు బాణీగా విదేశాలకు చేరుతుంది, బ్యాండ్లకు, ఆర్కెస్ట్రాలకు వాయించడానికి వీలుండాలి అనేది నెహ్రూ వాదన. తర్వాత ఇంగ్లీషు సంగీతకారుడు హెర్బర్ట్ మరిల్ కూడా దీనికి ఆర్కెస్ట్రా రూపం రాశారు. 1950 జనవరి 24న రాజేంద్ర ప్రసాద్ జనగణమనను జాతీయ గీతంగా ప్రకటించారు, వందేమాతరానికి సమాన గౌరవం ఉంటుందని అదే ప్రకటనలో చెప్పారు. మొత్తం పాటకు 52 సెకన్లు, మొదటి, చివరి పాదాలతో వాయించే చిన్న రూపానికి సుమారు 20 సెకన్లు అని లెక్క ఖాయమైంది.

న్యూయార్క్‌లో అందరూ అడిగిన స్వరలిపి లాంటిదాన్నే మార్గరెట్ 28 ఏళ్ల ముందు కరువు సీమలోని ఒక కాలేజీలో కూర్చుని రాశారు. ఆ ప్రకటన వచ్చేనాటికి ఆమె మంచం మీద ఉన్నారు. 1943 ప్రాంతంలో వచ్చిన పక్షవాతం ఆమెను మళ్లీ లేవనివ్వలేదు. పియానో మీద తిరిగిన వేళ్లు కదలని స్థితి. స్వాతంత్ర్య పోరాటంలో ఆమె చేసిన సేవకు గుర్తింపుగా మద్రాసు ప్రభుత్వం, ఆ తర్వాత నెహ్రూ కొంత డబ్బు సాయం చేశారు. 1950లోనే కజిన్స్ దంపతులు కలిసి రాసుకున్న ఆత్మకథ అచ్చయింది. మదనపల్లె సాయంత్రం సంగతి అందులో ఉంది.

1954 మార్చి 11న అడయారులో ఆమె చనిపోయారు. జేమ్స్ ఆ తర్వాత మదనపల్లెకే వచ్చేశారు. 1956 ఫిబ్రవరిలో, ఆ పాట విన్న ఊళ్లోనే ఆయన కన్నుమూశారు.