చూడని దేశానికి కథ కట్టిన థియా ఫాన్ హార్బౌ

మాట వినిపించని చిత్రానికీ రచయిత కావాలి. పాత్ర ఎటు నడవాలో, ఏ వస్తువు కంటబడాలో, ఏ క్షణాన తెరపై అక్షరాలు రావాలో ముందుగా కాగితంపై తేలాలి. ఆ విద్యలో జర్మనీ దేశాన అగ్రశ్రేణిలో నిలిచిన వనిత థియా ఫాన్ హార్బౌ.

1888 డిసెంబరు 27న బవేరియా ప్రాంతంలోని టౌపర్లిట్జ్ గ్రామంలో ఆమె జన్మించారు. వంశగౌరవం ఉన్నా కలిమి అంతంతమాత్రమే. 1906లో డ్యూసెల్‌డార్ఫ్‌లో నటిగా రంగస్థలం ఎక్కి, తరువాత వైమార్, ఆహెన్ నగరాలలోనూ నటించారు. నటిస్తూనే నవలలు రచించారు.

భారతదేశాన్ని కంటితో చూడకుండానే 1918లో ఆమె 'భారతీయ సమాధి' అనే నవల వెలువరించారు. తనకు ద్రోహం చేసిన స్త్రీకి, ఆమె బతికి ఉండగానే సమాధి కట్టించదలచిన మహారాజు కథ అది. దానికి దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్‌తో కలిసి ఆమె చిత్రకథ సమకూర్చగా, 1921లో జో మే రెండు భాగాల మూకీగా నిర్మించారు. 1922లో థియా, లాంగ్ వివాహమాడారు. 1924లో 'నీబెలుంగెన్', 1927లో 'మెట్రోపొలిస్', 1929లో 'చంద్రలోకంలో స్త్రీ' వారి జంట కృషి ఫలాలు. భూగర్భంలో యంత్రాలకు కట్టుబడిన కార్మికులు, పైన ఆకాశహర్మ్యాలలో భోగించే ధనికులు: ఇదీ 'మెట్రోపొలిస్' కథాలోకం.

1933లో హిట్లర్ అధికారానికి వచ్చాడు. ఆ దంపతులు తెరచిన మాబూసే చిత్రం నిషేధానికి గురైంది. ఆ ఏడాదే ఇరువురూ విడాకులు పొందారు. లాంగ్ దేశం విడిచారు. థియా అక్కడే ఉండి నాజీ పాలనలో చిత్రాలకు రచన సాగించారు, ఆ పార్టీలో సభ్యత్వమూ స్వీకరించారు. అదే కాలంలో ఆమె రహస్యంగా వివాహమాడిన వ్యక్తి అయీ టెండూల్కర్. ఆయనది బెళగావి సమీపాన ఉన్న బెళగుంది. చదువుకై జర్మనీ వెళ్లిన ఆయన, రెండవ ప్రపంచయుద్ధ వేళకు స్వదేశం చేరుకున్నారు. భారతీయులకు సాయపడేందుకే పార్టీలో చేరానని యుద్ధానంతరం థియా చెప్పుకొన్నారు. ఆ సంజాయిషీతో మచ్చ తొలగలేదు. బ్రిటిష్ వారు ఆమెను కొంతకాలం నిర్బంధించారు. విడుదలైన పిమ్మట కూలిన భవనాల శిథిలాలు ఎత్తే పనిలోనూ ఆమె చేయి కలిపారు.

1954లో బెర్లిన్‌లో తన పాత మూకీ ఒకటి ప్రదర్శించగా, చూసి వెలుపలికి వస్తూ జారిపడి గాయపడ్డారు. కొద్ది రోజులకే, జూలై 1న, కన్నుమూశారు. అనంతరం లాంగ్ ఆమె నవలనే చేపట్టి, ఉదయపూర్‌లో చిత్రీకరణ జరిపి, 1959లో రెండు భాగాలుగా విడుదల చేశారు. కలంలో ఆమె ఊహించుకున్న దేశానికి, కథ ఆ విధంగా ఆమె పోయాక వచ్చి చేరింది.