ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా: గురి, తూటా, జింక

హైదరాబాదుకు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం నేడు నగరంలో కలిసిపోయాయి. ఒకచోట కర్మాగారాలు, మరొకచోట క్రికెట్ మైదానం, మెట్రోరైలు వెలిశాయి. నూటపాతికేళ్ళ క్రిందట ఇవి చెరువులూ చేలూ బండరాళ్ళ గుట్టలూ చుట్టుకొని ఉన్న పల్లెలు. ఉప్పల్‌కు దక్షిణంగా సరూర్‌నగర్ దాటి వెళితే వనస్థలిపురం వస్తుంది. అచ్చటి పచ్చికబయలు నిజాం ప్రభువుల వేటభూమి. కృష్ణజింకల మందలకు అది ఆటపట్టు.

ఆ ప్రభువులలో వేటకు పేరుమోసినవాడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. ప్రజలు ఆయనను మహబూబ్ అలీ పాషా అని ప్రేమతో పిలుచుకునేవారు. వేటగాండ్రు నేటికీ చర్చించే ప్రశ్న ఒకటి ఉన్నది. తక్కువ శక్తి గల తూటా జింకవేటకు తగునా? ఈ ప్రశ్న పుట్టి పెరిగిన కాలమూ, పాషా జీవితకాలమూ ఒక్కటే. అందుచేత ఆ జీవితాన్ని ఈ కోణంనుండి చూడడం ఉచితం.

ఆయన 1866 ఆగస్టు 17న జన్మించాడు. బ్రిటిష్ సైన్యం స్నైడర్ రైఫిలును స్వీకరించిన సంవత్సరమూ అదే. దాని గొట్టపు వ్యాసం 0.577 అంగుళం. తండ్రి అఫ్జలుద్దౌలా 1869లో మరణించగా, మూడేళ్ళైనా నిండని బాలుడు సింహాసనం అధిష్ఠించాడు. మొదటి సాలార్‌జంగ్ ప్రభృతులు రాజ్యభారం వహించారు. బాలుడు పారసీ, ఉర్దూలతోపాటు ఇంగ్లీషు కూడా అభ్యసించాడు. గుఱ్ఱపు స్వారీలోనూ తుపాకి పేల్చడంలోనూ ఆరితేరాడు. 1884 ఫిబ్రవరిలో రాజప్రతినిధి రిప్పన్ ప్రభువు స్వయంగా హైదరాబాదుకు వచ్చి ఆయనకు పూర్ణాధికారాలు అప్పగించాడు.

ఈలోగా తుపాకి స్వరూపం మారిపోయింది. 1871లో వచ్చిన మార్టినీ-హెన్రీ రైఫిలు వ్యాసం 0.45 అంగుళం, 1888లో వచ్చిన రైఫిలుది 0.303 అంగుళం. పాషాకు ఇరువది రెండేళ్ళు వచ్చేసరికి సైనికుని తుపాకిగొట్టం ఇంచుమించు సగానికి సన్నబడిందన్నమాట. పొగలు గ్రక్కే పాత మందు స్థానంలో పొగరాని మందు వచ్చింది. గుండు చిన్నదైనా దాని వేగం హెచ్చింది. పెద్ద గుండు, బరువైన తుపాకి లేనిదే వేట లేదని నమ్మిన తరానికి ఇది నమ్మశక్యం కాని మార్పు.

పాషా ముప్పైకి పైగా పులులను కూల్చాడని ప్రసిద్ధి. గాలిలోకి ఎగురవేసిన నాణెమును గురి తప్పక కొట్టేవాడని కూడా చెప్పుకుంటారు. ఆయన ఆతిథ్యంలో వేటకై దేశాధీశులు, రాజకుమారులు వచ్చారు. 1902లో కర్జన్ ప్రభువు వరంగల్లు వైపు నెక్కొండ అడవులలో పులిని వేటాడగా, ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ తీసిన చిత్రం ప్రఖ్యాతమైనది. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాదుకు వచ్చి వేటాడాడు. జీవితకాలంలో రెండున్నర లక్షలకు పైగా ప్రాణులను వేటాడినట్లు లెక్క వ్రాసుకున్న ఆ యువరాజు, 1914లో సారయెవోలో ఒక చిన్న పిస్తోలు గుండు మెడలో తగిలి మరణించాడు. ఆ మరణంతోనే మొదటి ప్రపంచయుద్ధానికి నిప్పు రాజుకొన్నది.

అయితే చిన్న గుండు కూడా చాలునని ఈ ఉదంతం చెబుతున్నదా? అలా అనుకోవడం పొరపాటు. ఆ గుండు కొద్ది అడుగుల దూరంనుండి మర్మస్థానంలో తగిలింది. జింక అంత దగ్గరకు రానీయదు. అది వంద గజాల అవతల నిలుస్తుంది. బెదిరితే గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. గుండు దెబ్బ అదటుకే జంతువు చావదు. ముందుకాలి వెనుక భాగాన చర్మమును, ప్రక్కటెముకలను చీల్చుకొని గుండు గుండెనో ఊపిరితిత్తులనో చేరాలి. అప్పుడే అది త్వరగా ప్రాణం విడుస్తుంది. కాకులను కొట్టడానికై ఇంగ్లండులో చేసిన సన్నరైఫిళ్ళ తూటాకు మూడు వందల జౌళ్ళ శక్తి ఉంటే గొప్ప, 0.22 తూటాకు రెండు వందలే. వంద గజాలు పోయేసరికి ఆ కొంచెమూ తగ్గిపోతుంది. గుండు ఎముకలో చిక్కుకుంటుంది. జింక గాయంతో పొదలలో దూరి, రోజుల తరబడి బాధపడి చస్తుంది. వేటగాని చేతికీ చిక్కదు.

కొత్త సన్నగుండ్లలోనూ ఒక చిక్కు వచ్చింది. పూర్తి లోహపు తొడుగు ఉన్న 0.303 గుండు జింక దేహంలోనుండి సూదివలె దూసుకొని పోయేది. శక్తి ఎంత ఉన్నా అది జంతువులో ఖర్చు కాకపోతే ఫలమేమి? కలకత్తా సమీపాన డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890 దశకంలో, తగిలినచోట విచ్చుకొనే మెత్తనిమొన గుండ్లు తయారయ్యాయి. 1899 హేగ్ సమావేశం వాటిని యుద్ధంలో నిషేధించింది. వేటలో మాత్రం అటువంటివే ఉత్తమమని తేలింది. మనిషి యెడల క్రౌర్యమని త్యజించినదే జింక యెడల దయ కావడం విచిత్రమైన సత్యం.

కాబట్టి సమాధానం జంతువునుబట్టి ఉంటుంది. మగ కృష్ణజింక బరువు సుమారు 40 కిలోలు. దానికి మూడువేల జౌళ్ళ ప్రాంతపు శక్తిగల 7 మిల్లీమీటర్ల తూటాయే ధారాళం. రెండు వందల కిలోలకు మించే కణుజుకు బరువైన గుండు అవసరం. జిమ్ కార్బెట్‌కు 1907లో చంపావత్ పులిని చంపినందుకు బహుమతిగా వచ్చినది ఆ 7 మిల్లీమీటర్ల రైఫిలే. కానీ ఆయన చేతి నేర్పును అందరూ సామాన్య నియమంగా తీసుకోరాదు. చిన్న తూటా వేటగాని పొరపాటును క్షమించదు; ఆ పొరపాటుకు శిక్ష అనుభవించేది మాత్రం జింక. అందుచేతనే గురి కుదరనప్పుడు తుపాకి దించడం వేటధర్మమన్నారు పెద్దలు.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలాదిమందిని పొట్టనపెట్టుకొన్నప్పుడు పాషా నిరాశ్రయులకు తన భవనాలు తెరిపించాడు. పాముకాటుకు గురైనవారు ఆయన పేరు తలచితే విషం దిగుతుందని జనం నమ్మేవారు. పులులను చంపిన చేతికంటె ఆ ఆదుకొన్న చేయినే ప్రజలు ఎక్కువ తలచుకొన్నారు. 1911 ఆగస్టు 29న, 45 ఏళ్ళ ప్రాయంలో, ఆయన ఫలక్‌నుమా భవనంలో కన్నుమూశాడు. మక్కామసీదు ఆవరణలో ఆయన సమాధి ఉన్నది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకకు మొదటి షెడ్యూలులో రక్షణ కల్పించింది. నిజాముల వేటభూమి 1975లో మహావీర హరిణ వనస్థలిగా మారింది. 1991 సవరణతో మన దేశంలో వేట దాదాపు పూర్తిగా నిషిద్ధమైనది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు, చుక్కలదుప్పి తెలంగాణకు రాష్ట్ర జంతువులైనాయి. ఏ తూటా తగునన్న చర్చ మన జింకల విషయంలో ఇక చరిత్రకే పరిమితం. ఉప్పల్ బడిపిల్లలను ఉపాధ్యాయులు ఆ వనానికి తీసుకొనిపోయినప్పుడు, చిన్న గుండు చేసే గాయం ఎటువంటిదో కూడ వివరిస్తే, చట్టం ఎందుకు పుట్టినదో పిల్లలకు తెలిసివస్తుంది.