జగదీశచంద్ర బోసుగారు

ఉగాదినాడు దూరపు బంధువుల పలుకు వినిపించు సెల్‌ఫోను చేతబట్టినపుడెల్ల మాకొక మహనీయుడు తలపునకు వచ్చును.

జగదీశచంద్ర బోసుగారు 1858 నవంబరు 30న నేటి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో జన్మించిరి. ఇంగ్లండులో చదివి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులైరి. భారతీయుడైనందున తెల్లవారికంటె తక్కువ జీతము నిర్ణయింపగా, ఇంట తండ్రి అప్పులున్నను, మూడేండ్లు జీతము ముట్టకయే పాఠములు చెప్పిరి. తుదకు పూర్తి జీతము బకాయిలతో సహా చేతికి వచ్చినది. నెలజీతముపై బ్రతుకు మాబోటివారికి ఆ మూడేండ్ల బరువు తెలియును.

1895లో కలకత్తాలో రేడియో తరంగములతో, తీగె లేకుండ, దూరముననున్న గంట మ్రోగించి తుపాకిమందు మండించిరి. ఆయన పరిశోధించిన తరంగముల నిడివి అర సెంటీమీటరు మొదలు రెండున్నర సెంటీమీటర్ల వరకు.

2022లో మన ప్రభుత్వము 5జి ఫోనులకై పలు తరంగములను వేలము వేసినది. అందు 700 మెగాహెర్ట్‌జ్ తరంగము నిడివి సుమారు 43 సెంటీమీటర్లు. అది దూరము పోవును, గోడలు దాటును. కాని ఒంటిలైను వంటిది, మోయునది తక్కువ. 26 గిగాహెర్ట్‌జ్ తరంగము సెంటీమీటరుకు కొంచెము పైన. అచ్చట తావు విశాలము గనుక సమాచారము విరివిగా మోయును. గోడ అడ్డమైన ఆగును. అందుచే దానికి టవర్లు దగ్గరదగ్గరగా నుండవలెను. ఇది బోసుగారి కొలతలలోనిదే.

1937 నవంబరు 23న గిరిడీలో వారు కన్నుమూసిరి. ఈ పండుగనాడు ఫోనులో శుభాకాంక్షలు చెప్పుకొనునపుడు, తక్కువ జీతమునకు తలవంచని ఆ ఆచార్యుని కథ మన పిల్లలకు చెప్పుదము.