రామదండు వేషం: ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

బడిలో స్కౌట్ ట్రూపు మళ్ళీ పెట్టాలనే మాట వచ్చిన దగ్గర్నుంచి మన సంఘం సమావేశాల్లో ఒకటే వాదన. యూనిఫాం ఉండాల్సిందేనని సగం మంది. ఈ రోజుల్లో స్కార్ఫులు, సెల్యూట్లు ఎందుకండీ, పిల్లలకు ఈత, ప్రథమ చికిత్స నేర్పితే చాలదా అని మిగతా సగం. నేను ఎటూ చెప్పలేక ఊరుకున్నాను. ట్రూపులో ఉన్న మూడేళ్ళూ ఆ బట్టలంటే నాకు ప్రాణం. అదే ట్రూపులో నా పక్కన నిలబడే స్నేహితుడు గుడ్డ కొనలేక రెండు నెలలకే మానేశాడు. ఆ రెండూ నాకు గుర్తే.

సావనీరుకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, ఇదే తగువు మన నేల మీద వందేళ్ళ కిందట ఇంకా పెద్ద ఎత్తున నడిపిన మనిషి గుర్తుకొచ్చారు. చీరాల వైపు వాళ్ళకు ఆయన పేరు కొత్త కాదు. విజయవాడలో ఆంధ్రరత్న భవన్ ముందు నుంచి వెళ్ళేవాళ్ళలో ఆ ఆంధ్రరత్న ఎవరో తెలిసినవారు ఎందరో నాకు అనుమానమే.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టిన మూడో రోజున తల్లి పోయింది, మూడేళ్ళు నిండేసరికి తండ్రీ పోయారు. నాయనమ్మ, పినతండ్రి పెంచారు. చదువు కంటే పాట మీద, నాటకం మీద మనసెక్కువ. బాపట్ల తాలూకా కచేరీలో ఏడాదిపాటు గుమాస్తాగిరీ చేశారు. ఆ కచేరీ బల్ల దగ్గరే స్థిరపడి ఉంటే పింఛను తీసుకుని ప్రశాంతంగా పోయేవారు. 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావు గారితో కలిసి స్కాట్లండు వెళ్ళి, ఎడింబరో విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఎం.ఏ. చేశారు.

అక్కడ ఉండగా కళా విమర్శకుడు ఆనంద కుమారస్వామితో పరిచయమైంది. నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇద్దరూ కలిసి ఇంగ్లీషులోకి తెచ్చారు. 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయం వారు దాన్ని అచ్చువేశారు. ఈ పుస్తకం సంగతి ఆయన రాజకీయ జీవితం రాసేవాళ్ళు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తారు. నాకు మాత్రం అది ముఖ్యమనిపిస్తుంది. అభినయం నాలుగు రకాలని ఆ గ్రంథం చెబుతుంది: ఒంటితో చేసేది ఆంగికం, మాటతో చేసేది వాచికం, వేషంతో వచ్చేది ఆహార్యం, మనసులోంచి పుట్టేది సాత్త్వికం. వేషానికి అందులో ఒక స్థానం ఉంది. దాని తరువాత సాత్త్వికం ఉంది. ఇంత చదివిన మనిషి తరువాత ఒక దళం కట్టి దానికి దుస్తులు నిర్ణయించారంటే, ఊరికే చేశారనుకోను.

తిరిగొచ్చాక రాజమండ్రి ట్రెయినింగ్ కాలేజీలో, బందరు జాతీయ కళాశాలలో కొన్నాళ్ళు పనిచేశారు. రెండు చోట్లా ఇమడలేదు. ఒకరి కింద పనిచేసే స్వభావం కాదు ఆయనది. చివరికి చీరాల చేరారు. అప్పట్లో చీరాల గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు అందులోకి పోయింది, ఆ జిల్లాకే తరువాత ప్రకాశం పేరు వచ్చింది. 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. ఊరు కదలకుండా జిల్లాలు మారాయి. ఆ ఊరి జనం మాత్రం ఒకసారి నిజంగానే కదిలారు.

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిపి ఒక యూనియన్‌గా ఉండేవి. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల పేరాలను మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి నాలుగు వేల రూపాయలున్న పన్ను నలభై వేలకు చేరింది. మొత్తం జనాభా 15 వేలు. అందులో ఎక్కువమంది నేతపనివాళ్ళు, చిన్న రైతులు. మునిసిపాలిటీ వద్దని అర్జీలు పెట్టారు, పన్ను కట్టం అన్నారు. పన్నెండు మందిని జైలుకు పంపారు. వారిలో రావూరి అలమేలమ్మ అనే స్త్రీ ఉన్నారు.

ఈ పోరాటం కోసమే గోపాలకృష్ణయ్య గారు రామదండు కట్టారు. దాదాపు వెయ్యిమంది వాలంటీర్లు, రకరకాల కులాలవాళ్ళు. కాషాయ దుస్తులు, మెడలో రుద్రాక్షలు, నుదుట సిందూరం. అదే యూనిఫాం.

అప్పటికి మన దేశంలో స్కౌట్లు ఉన్నారు. బేడెన్ పవెల్ గారి ఉద్యమంలో మొదట భారతీయ పిల్లలకు చోటు లేకపోతే, 1916లో మద్రాసులో అనీబిసెంట్ గారు భారతీయ బాలుర స్కౌట్ సంఘం పెట్టి, టోపీ బదులు తలపాగా ఇచ్చారు. బేడెన్ పవెల్ 1921లో స్వయంగా ఇండియా వచ్చారు. రామదండు ఊళ్ళో తిరిగిందీ ఆ ఏడాదే. ఒకరిది ఖాకీ, ఒకరిది తలపాగా, ఒకరిది కాషాయం. బట్ట ఏదైనా చేసే పని ఒకటే. విడివిడిగా ఉన్న మనుషులు ఒక వరసలో నిలబడాలి, పిలిస్తే పలకాలి, గుంపులో ఎవరిని సాయం అడగాలో జనానికి దూరం నుంచే తెలియాలి.

1921 మార్చి ఆఖరున విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించింది అక్కడే. గాంధీ గారిని చూడటానికి జనం విరగబడ్డారు. ఆ జనాన్ని అదుపులో పెట్టి దారి చూపింది రామదండు. లాఠీ లేని దండు అంత గుంపును నడిపించగలిగిందంటే, అందులో ఆ కాషాయం పాలు కొంత ఉంది. కాషాయం కట్టినవాడికి దారివ్వడం మన జనానికి పుట్టుకతో వచ్చిన అలవాటు.

ఇక్కడ నా అనుమానం కూడా చెప్పాలి. రాముడి పేరు, రుద్రాక్ష, సిందూరం కొందరిని దగ్గరికి తీసుకున్నంత సులువుగానే ఇంకొందరిని దూరంగా నిలబెడతాయి. 1923లో కాకినాడ కాంగ్రెస్ నాడు హార్డీకర్ గారు మొదలుపెట్టిన హిందుస్థానీ సేవాదళ్ ఏ మతం గుర్తూ లేని దుస్తులతో నడిచింది. ఇవాళ మన బడిలాంటి చోటికి అదే సరైన దారి అంటాను. అయితే 1921 చీరాలలో ఆ సేవాదళ్ బట్టలకు జనం కదిలేవారా? కదిలేవారు కాదేమో.

విజయవాడ నుంచి గాంధీ గారు చీరాల వచ్చారు. అహింసతో పన్ను నిరాకరించడం ఒక మార్గం, ఊరు ఖాళీ చేసి మునిసిపాలిటీ హద్దు దాటి పోవడం రెండో మార్గం అని చెప్పారు. ఊరు రెండోదాన్ని ఎంచుకుంది. ఏప్రిల్ చివర్లో, మన వైపు మిర్చి కళ్ళాలు ఎత్తేసి ఎండకు తల బయట పెట్టలేని రోజుల్లో, 13 వేలమందికి పైగా ఇళ్ళకు తాళాలు వేసి హద్దు అవతల పాకల్లోకి మారారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు.

ఇంజనీరుగా నా బుర్ర ఇక్కడ ఆగిపోతుంది. మనిషికి రోజుకు ఇరవై లీటర్లు లెక్కేసినా రెండు లక్షల అరవై వేల లీటర్ల నీళ్ళు కావాలి. ఆ తీరంలో ఇసుక నేల కాబట్టి దొరువు తవ్వితే నీళ్ళు పడతాయి, కానీ వేలమంది తోడుతుంటే అవి ఎంత శుభ్రంగా ఉంటాయి? మరుగు ఎక్కడ? తాటాకు పాకల వరసల్లో ఒక్క నిప్పురవ్వ పడితే? నేతపనివాడికి ఇంకో బాధ. గుంట మగ్గాన్ని నెత్తిన పెట్టుకుని పోవడం కుదరదు. కొత్త చోట మళ్ళీ గుంట తవ్వాలి, వానొస్తే అందులో నీళ్ళు. ఇప్పుడు నాకు ఆ క్యాంపు అప్పజెబితే ముందు ఆరు నెలల గడువు అడుగుతాను. వాళ్ళు వేసవిలో నిలబెట్టి, వానాకాలం, చలికాలం దాటించారు. తగవులు తీర్చుకోవడానికి సొంత పంచాయతీ పెట్టుకున్నారు. పదకొండు నెలలు! ఆ పదకొండు నెలల్లో కాషాయం ఎంత మాసి ఉంటుందో ఊహించుకోండి. వాలంటీరంటే ఊరేగింపులో ముందు నడిచేవాడన్న మాట పోయి, అర్ధరాత్రి పాకల మధ్య కాపలా తిరిగేవాడని జనానికి అర్థమైంది అప్పుడే.

శిబిరం నడవాలంటే డబ్బు కావాలి. గోపాలకృష్ణయ్య గారు ఊరూరా తిరిగారు. గంజాం జిల్లా బరంపురంలో మాట్లాడకూడదని కలెక్టరు నిషేధం పెడితే మాట్లాడారు. ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. ఆయన అటు వెళ్ళాక ఇటు రామనగరం నెమ్మదిగా సడలిపోయింది. చేతిలో పైసా లేదు, పన్ను బాకీలకు ఆస్తులు జప్తు. జనం ఒక్కొక్కరే పాత ఇళ్ళకు తిరిగొచ్చారు.

ఆయన దగ్గర నాకు కనబడే లోపం ఇదే. వెయ్యిమందికి వేషం, క్రమశిక్షణ, పాట అన్నీ ఇచ్చారు గాని, తాను లేనప్పుడు దండును నడిపే రెండో మనిషిని తయారుచేసుకోలేదు. అంత ప్రతిభ ఉన్నవారి పక్కన రెండో మనిషి ఎదగడం కష్టమే. మన ట్రూపు ఆగిపోయిందీ అందుకే. మా స్కౌట్ మాస్టారు రిటైరైన ఏడాదే జెండా కర్ర స్టోరు గదిలోకి పోయింది. యూనిఫాం ఎక్కువై ఆగలేదు, తక్కువై ఆగలేదు.

జైలు నుంచి వచ్చాక గోపాలకృష్ణయ్య గారు చీరాలలో ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పనులు చూసుకున్నారు, తోలుబొమ్మలాట, జముకుల కథ లాంటి జానపద కళలను మళ్ళీ జనం ముందుకు తెచ్చారు, రాజకీయాల్లోనూ ఉన్నారు. చేతిలో డబ్బు నిలిచే మనిషి కాదు. క్షయ పట్టుకుంది. 1928 జూన్ 10న పోయారు. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు.

జూన్‌లో ట్రూపు మొదలుపెట్టాలని కమిటీ అనుకుంటోంది. గుడ్డ ఖర్చు మొత్తం మా బ్యాచ్ పెట్టుకుంటుంది, డబ్బు లేదని ఏ పిల్లవాడూ పక్కకు పోనక్కర్లేదు. ఆదివారం ఉదయాలు నేను వస్తాను. నాతోపాటు క్రమం తప్పకుండా రాగలిగినవాళ్ళు ఇంకో ఇద్దరు కావాలి. పేర్లు సంఘం కార్యదర్శికి ఇవ్వండి.